బేస్ గిటార్ తీగల బ్రైట్‌నెస్, దాని పరిరక్షణ

బేస్ గిటార్‌కు కొత్త తీగలు బిగించినప్పుడు మంద్రస్వరంతో పాటు ఖంగుమనే లోహధ్వని ఒకటి స్పష్టంగా వినిపిస్తుంది. ఈ గుణాన్ని వాయిద్యకారులు బ్రైట్‌నెస్ అంటారు. వాడకంతో అది తగ్గుతూ వచ్చి, చివరకు స్వరం మొద్దుబారుతుంది. అలాంటి తీగ 'డెడ్' అయిందంటారు. డెడ్ అయిన తీగ తెగిపోదు, ఆంప్లిఫయర్‌లో ధ్వని కూడా బిగ్గరగానే వస్తుంది. కరిగిపోయేది ప్రధానంగా పై పౌనఃపున్యాల భాగం. గుండ్రని తీగ చుట్టిన మామూలు రౌండ్‌వౌండ్ తీగల్లో ఈ మార్పు కొన్ని గంటల గట్టి వాయింపుతోనే మొదలవుతుంది. రోజూ వాయించేవారి వాద్యంలో కొద్ది వారాలకే బాగా తెలిసిపోతుంది.

తీగల నిర్మాణం, ఎంపిక, రోజువారీ సంరక్షణ, పాత తీగల శుద్ధి అనే నాలుగూ ఈ గుణం ఎంతకాలం నిలుస్తుందో నిర్ణయిస్తాయి.

తీగ నిర్మాణం

నాలుగు తీగల బేస్ గిటార్‌ను సాధారణంగా ఇ, ఎ, డి, జి స్వరాలకు శ్రుతి చేస్తారు. వాటి ప్రాథమిక పౌనఃపున్యాలు వరుసగా 41.2, 55, 73.4, 98 హెర్ట్జ్. అయిదు తీగల వాద్యంలో అదనంగా చేరే మంద్ర బి తీగది 30.9 హెర్ట్జ్. నట్‌కూ బ్రిడ్జికీ మధ్య కంపించే పొడవు చాలా వాద్యాల్లో 34 అంగుళాలు, అంటే 864 మి.మీ. ఇంత తక్కువ పొడవులో అంత మంద్రస్వరం పలకాలంటే తీగ బరువుగా ఉండాలి. ఒంటి తీగనే లావు చేస్తే అది కడ్డీలా బిరుసెక్కుతుంది, దాని అతిస్వరాలు శ్రుతి తప్పుతాయి. అందువల్ల అధిక కర్బనమున్న సన్నని ఉక్కు తీగను కోర్‌గా తీసుకుని, దాని చుట్టూ మరో తీగను ఒకటి లేదా ఎక్కువ పొరలుగా చుడతారు. అలా చుడితే బరువు పెరిగినా తీగ సాగుడూ వంపూ చెడవు.

కోర్ అడ్డుకోత గుండ్రంగా గాని, షడ్భుజి ఆకారంలో గాని ఉంటుంది. షడ్భుజి అంచులు చుట్టును గట్టిగా పట్టి ఉంచుతాయి. గుండ్రని కోర్ మీద చుట్టు జారే వీలుంది కాబట్టి బిగించేటప్పుడు ఎక్కువ జాగ్రత్త అవసరం. ఎక్కువ మంది వాడే సెట్టులో జి తీగ మందం 0.045 అంగుళం, ఇ తీగ మందం 0.105 అంగుళం. బిగించినప్పుడు ఒక్కో తీగపై ఉండే లాగుడు రమారమి 16 నుంచి 23 కిలోల బరువుకు సమానం.

మామూలు గిటార్‌లో పై రెండు మూడు తీగలు చుట్టు లేనివి. వాటి మీద పేరుకున్న మురికి ఒక్క తుడుపుతో పోతుంది. బేస్ గిటార్‌లో అలాంటి తీగ ఒక్కటీ లేదు. పైగా బేస్ సెట్టు ధర గిటార్ సెట్టు కన్నా సాధారణంగా మూడు నాలుగు రెట్లు ఉంటుంది. బేస్ వాయించేవారిలో తీగల మన్నిక గురించి ఇంత చర్చ నడవడానికి ఈ రెండూ కలిసి కారణం.

చరిత్ర

విద్యుత్ బేస్ తొలి నమూనాల్లో ఒకటి 1930లలో అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ చేసినది. వాద్యం విస్తృతంగా వాడుకలోకి వచ్చింది మాత్రం 1951లో లియో ఫెండర్ ప్రిసిషన్ బేస్‌ను విడుదల చేసిన తర్వాతే. ఆ కాలపు వాద్యకారులు ఎక్కువగా వాడినవి చదునైన రిబ్బను చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు. వాటి నాదం గుండ్రంగా, మెత్తగా, నిలువు డబుల్ బేస్‌కు దగ్గరగా ఉండేది. అప్పటి సంగీతంలో బేస్ నుంచి కోరినది అదే కనుక తీగ డెడ్ కావడం పెద్ద సమస్య కాలేదు.

1960ల నడుమ బ్రిటిష్ రాక్ సంగీతంలో పరిస్థితి మారింది. 'ది హూ' బృందపు బేసిస్టు జాన్ ఎంట్విజిల్ ఈ మార్పులో ప్రముఖుడు. 1965 నాటి 'మై జనరేషన్' పాటలోని బేస్ సోలో కోసం అతడు డాన్‌ఎలక్ట్రో బేస్‌లోని సన్నని, ఖంగుమనే తీగలను కోరుకున్నాడు. తీగ తెగితే విడిగా దొరకక మళ్లీ మళ్లీ వాద్యాన్నే కొనవలసి వచ్చిందని అతడు తర్వాత చెప్పుకున్నాడు. చివరకు రికార్డు చేసింది ఫెండర్ జాజ్ బేస్‌తో. తీగ కోసం వాద్యాన్నే కొనడమంటే బ్రైట్‌నెస్‌కు అప్పటికే ఎంత విలువ ఏర్పడిందో తెలుస్తుంది. 1966లో ఇంగ్లండులోని రోటోసౌండ్ సంస్థ స్థాపకుడు జేమ్స్ హౌ, ఎంట్విజిల్‌తో కలిసి స్టెయిన్‌లెస్ స్టీలు రౌండ్‌వౌండ్ బేస్ తీగలను రూపొందించాడు. 'స్వింగ్ బేస్ 66' పేరుతో అవి నేటికీ అమ్ముడవుతున్నాయి. 'యెస్' బృందపు క్రిస్ స్క్వయర్ రికెన్‌బాకర్ బేస్‌పై పలికించిన పదునైన నాదం కూడా ఈ తీగలదే.

అదే దశకంలో అమెరికాలో లారీ గ్రేహమ్ బొటనవేలితో తీగను కొట్టి, మరో వేలితో లాగి వదిలే స్లాప్ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు (చూ. స్లాప్ వాదనం). ఫంక్, డిస్కో, ఫ్యూజన్ సంగీతాల్లో ఈ పద్ధతి వ్యాపించాక కొత్త తీగల నాదం ఒక అవసరంగా మారింది. స్లాప్‌లో వినిపించే చిటుకు పూర్తిగా పై పౌనఃపున్యాలదే. తీగ డెడ్ అయితే ఆ చిటుకు పోయి దెబ్బ చప్పుడు మాత్రం మిగులుతుంది.

1990లలో గోర్‌టెక్స్ వస్త్రంతో పేరుపొందిన డబ్ల్యూ. ఎల్. గోర్ సంస్థ, అదే కుటుంబపు ఫ్లోరోపాలిమర్‌తో పూత పూసిన తీగలను ఎలిక్సర్ పేరుతో మార్కెట్‌లోకి తెచ్చింది. అప్పటిదాకా మన్నిక ప్రధానంగా వాయించేవారి శ్రద్ధకు సంబంధించిన విషయం. పూత తీగలతో అది తయారీదారు బాధ్యతల్లో కూడా చేరింది.

నాదం మొద్దుబారడానికి కారణాలు

తీగను మీటినప్పుడు ప్రాథమిక స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, ఇంకా పై గుణిజాల పౌనఃపున్యాలలో అతిస్వరాలు పుడతాయి (చూ. అతిస్వరాలు). 41 హెర్ట్జ్ ఇ తీగ ధ్వనిలోనూ కొన్ని వేల హెర్ట్జ్ దాకా అంశాలు ఉంటాయి. అతిస్వరం పైకి పోయే కొద్దీ తీగ మరింత చిన్న చిన్న అలలుగా వంగుతుంది. అలా వంగేటప్పుడు చుట్టులోని పక్క పక్క మెలికలు ఒకదానికొకటి స్వేచ్ఛగా కదలాలి. ఆ సందుల్లో ఏదైనా ఇరుక్కుంటే ఘర్షణ పెరిగి, చిన్న అలల శక్తి వేడిగా పోతుంది. పెద్ద అల అయిన ప్రాథమిక స్వరానికి ఈ నష్టం స్వల్పం. డెడ్ తీగ శ్రుతి పలుకుతూనే పదును కోల్పోవడానికి వివరణ ఇదే.

సందుల్లో చేరేది వేళ్ల చెమట, చర్మపు నూనె, రాలిన చర్మపు పొట్టు, గాలిలోని దుమ్ము, అరిగిన లోహపు రజను. ఇవన్నీ కలిసి ముద్దగా గట్టిపడతాయి. ఈ ముద్ద తీగ పొడవునా సమానంగా పరుచుకోదు. చేయి ఎక్కువగా ఆడే చోట ఎక్కువ, మిగతా చోట తక్కువ. తీగ బరువు అలా అసమానం కావడం వల్ల అతిస్వరాలు కచ్చితమైన గుణిజాల నుంచి పక్కకు జరుగుతాయి. ఖాళీ తీగ శ్రుతిగా ఉండి, పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం తప్పడం పాత తీగలకు సాధారణ లక్షణం. దీనిని బ్రిడ్జి సర్దుబాటుతో సరిచేయబోయి విఫలమయ్యేవారు చాలామంది. వారిలో ఎక్కువ మందికి అవసరమయ్యేది కొత్త సెట్టు.

రెండో కారణం లోహక్షయం. చెమటలోని ఉప్పు, లాక్టిక్ ఆమ్లం నికెల్ పూతను మెల్లగా తినేసి లోపలి ఉక్కును బయటపెడతాయి. తుప్పు ఉపరితలాన్ని గరుకు చేస్తుంది, సందులను పూడుస్తుంది. చెమట గుణం మనిషి మనిషికీ వేరు. ఒకరి చేతిలో రెండు నెలలు నిలిచే సెట్టు మరొకరి చేతిలో రెండు వారాల్లో నల్లబడుతుంది. ఫలానా తీగ ఇన్ని రోజులు మన్నుతుందని చెప్పే ఏ అంకెనైనా ఈ తేడా దృష్ట్యా జాగ్రత్తగా తీసుకోవాలి.

మూడో కారణం ఫ్రెట్ల మీద తీగ పడే చోట చుట్టు నలిగి ఏర్పడే చిన్న నొక్కులు. తీగ అడుగున వేలు పోనిస్తే ఇవి తగులుతాయి. స్లాప్ వాయించేవారికి, బరువైన చేతివాటం ఉన్నవారికి ఇవి త్వరగా వస్తాయి. ఎంత శుభ్రం చేసినా ఇవి పోవు. నాలుగోది లోహపు అలసట. నిరంతరం బిగువులో ఉండి కంపించే కోర్ కాలక్రమంలో తన సాగే గుణాన్ని కొంత కోల్పోతుందని చెబుతారు. దీని ప్రాధాన్యం మీద వాద్యకారుల మధ్య ఏకాభిప్రాయం లేదు.

ఈ నాలుగింటిలో మురికిదే పెద్ద వాటా అనడానికి రెండు ఆధారాలున్నాయి. క్రోమియం కలిసినందువల్ల సులభంగా తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు తీగలు కూడా మొద్దుబారతాయి. ఇక నీటిలో మరిగించిన పాత తీగల్లో నాదం చాలా వరకు తిరిగి వస్తుంది. లోహం అలసిపోవడమే అసలు కారణమైతే మరిగించినందువల్ల ఉపయోగం ఉండకూడదు.

తీగల రకాలు, వాటి మన్నిక

రౌండ్‌వౌండ్ తీగకు గుండ్రని తీగనే చుడతారు. మెలికల మధ్య గాళ్లు లోతుగా ఉంటాయి. తొలి బ్రైట్‌నెస్ అన్నిటి కన్నా దీనికే ఎక్కువ, దాన్ని అన్నిటి కన్నా వేగంగా కోల్పోయేదీ ఇదే. ఫ్లాట్‌వౌండ్‌లో చదునైన రిబ్బను చుడతారు. ఉపరితలం నునుపు, మురికి చేరే చోటు తక్కువ. నాదం మొదటి నుంచీ మెత్తన, ఏళ్ల తరబడి పెద్దగా మారదు. గ్రౌండ్‌వౌండ్, లేదా హాఫ్‌రౌండ్, రౌండ్‌వౌండ్‌గా చుట్టి పైభాగాన్ని సానబట్టినది. గుణంలోనూ మన్నికలోనూ మధ్యస్థం. లోహపు చుట్టు మీద నైలాన్ చుట్టిన టేప్‌వౌండ్ రకం కూడా ఉంది.

చుట్టు లోహాల్లో ఎక్కువగా వాడేది నికెల్ పూత పూసిన ఉక్కు. స్టెయిన్‌లెస్ స్టీలు దీని కన్నా పదునుగా పలుకుతుంది, చెమటను తట్టుకుంటుంది. అయితే వేళ్లకు గరుకుగా తగులుతుంది, మెత్తని నికెల్ సిల్వర్ ఫ్రెట్లను త్వరగా అరగదీస్తుంది. శుద్ధ నికెల్ నాదం మొదటి నుంచీ వెచ్చన. నికెల్ పడని చర్మం ఉన్నవారు స్టీలునో పూత తీగనో ఎంచుకుంటారు. డీన్ మార్క్లీ సంస్థ 'బ్లూ స్టీల్' తీగలను ద్రవ నైట్రోజన్‌తో అతిశీతల స్థితికి తెచ్చి తయారు చేస్తుంది. దానివల్ల మన్నిక పెరుగుతుందన్నది తయారీదారు వాదన.

కోటెడ్ తీగలు

పూత రెండు విధాలు. ఎలిక్సర్ పద్ధతిలో చుట్టడం పూర్తయిన తీగ మొత్తం మీద అతి పలుచని పొర కప్పుతారు. అది మెలికల సందుల మీద కూడా పరుచుకుని మురికిని లోపలికి పోనివ్వదు. రెండో పద్ధతిలో చుట్టు తీగకే ముందు పూత పూసి ఆ తర్వాత చుడతారు. డడారియో సంస్థ 'ఇ.ఎక్స్.పి.' తీగలను ఈ పద్ధతిలో తయారు చేసేది. ఇందులో లోహక్షయం ఆగుతుంది, సందులు మాత్రం తెరిచే ఉంటాయి.

కోటెడ్ తీగలు మామూలు వాటికన్నా కొన్ని రెట్లు ఎక్కువ కాలం నిలుస్తాయని తయారీదారులు చెబుతారు. చెమట ఎక్కువ పట్టే చేతులవారి అనుభవం దీనికి చాలా వరకు మద్దతిస్తుంది. ప్రతిగా ధర ఎక్కువ. తొలిరోజు బ్రైట్‌నెస్ పూత లేని స్టీలు తీగకన్నా ఒక పిసరు తక్కువ. వేళ్లకు జారుడుగా ఉంటుంది. ప్లెక్ట్రమ్‌తోనో స్లాప్‌తోనో గట్టిగా వాయిస్తే పూత పీచులుగా లేవవచ్చు. వారానికోసారి ప్రార్థన మందిరంలోనో కళాశాల వేడుకలోనో వాయించేవారికి కోటెడ్ సెట్టు లాభసాటి. ప్రతి రికార్డింగ్‌కూ తీగలు మార్చే స్టూడియో వాద్యకారుడికి దాని మన్నికతో పని లేదు.

రోజువారీ సంరక్షణ

వాయించే ముందు సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా ఆరనివ్వడం అన్నిటి కన్నా చవకైన, ఫలితమిచ్చే పని. భోజనం తర్వాత నేరుగా వాద్యం పట్టుకోవడం అన్నిటి కన్నా చేటు. వాయించడం అయ్యాక మైక్రోఫైబర్ గుడ్డతో గాని, పాత నూలు గుడ్డతో గాని ఒక్కో తీగనూ చుట్టి పట్టుకుని పొడవునా తుడవాలి. పైభాగం మాత్రమే తుడిస్తే సగం పనే అయినట్టు. చెమట జారి నిలిచేది తీగ అడుగున.

వీణ వాయించేవారు ఎడమచేతి వేళ్లు సులభంగా జారడానికి నూనె రాసుకుంటారు. రౌండ్‌వౌండ్ బేస్‌కు ఈ అలవాటు పనికిరాదు: నూనె గాళ్లలోకి చేరి, మురికిని పట్టి ఉంచే జిగురుగా మారుతుంది. ఖనిజ తైలంతో చేసి తీగలు జారడానికని అమ్మే ద్రవాలకూ ఇదే వర్తిస్తుంది. చుట్టు లేని గిటార్ తీగలను అవి తుప్పు నుంచి కాపాడతాయి, బేస్ తీగల పదునును తగ్గిస్తాయి.

వాద్యాన్ని పెట్టెలో ఉంచడం తేమను, దుమ్మును ఆపుతుంది. చెక్క వాద్యాలకు 45 నుంచి 55 శాతం గాలి తేమ అనువైనదని సాధారణంగా సూచిస్తారు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాల్లో తేమ దీనికి మించి ఉంటుంది, గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. అక్కడ పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు ఉంచి, అవి తేమ పీల్చుకున్నాక మార్చుకోవడం, స్టీలు లేదా కోటెడ్ తీగలు వాడడం మేలు. కొత్త సెట్టులను గాలి చొరని సంచుల్లో అమ్మేదీ తుప్పు భయంతోనే. సంచి విప్పాక మిగిలిన తీగలను జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో దాచాలి.

బిగించే పద్ధతి

తీగను ట్యూనింగ్ కీకి చుట్టేటప్పుడు అది తన మీద తాను మెలిపడితే కొత్త తీగ కూడా తొలిరోజే మొద్దుగా పలుకుతుంది. దీనిని తయారీ లోపంగా పొరబడడం మామూలే. తీగ బ్రిడ్జి వైపు మెలి లేకుండా కూర్చోవాలి. కీ స్తంభం మీద రెండు మూడు చుట్లు, ఒకదాని కింద ఒకటిగా, కిందికి దిగాలి. అదనపు పొడవును కత్తిరించే ముందు ఆ చోట తీగను లంబంగా వంచాలి. లేకుంటే కోర్ మీది చుట్టు వదులై, ఆ వదులుతనం తీగ పొడవునా పాకి నాదాన్ని చంపుతుంది. గుండ్రని కోర్ తీగల్లో ఈ ప్రమాదం ఎక్కువ. నట్ దగ్గర, బ్రిడ్జి శాడిల్ దగ్గర తీగను వేలితో మెల్లగా నొక్కి స్పష్టమైన వంపు ఇస్తే కంపనం అక్కడ కచ్చితంగా ఆగుతుంది, స్వరం శుభ్రపడుతుంది.

పాత తీగల శుద్ధి

మరిగించడం పాత పద్ధతి. తీగలను విప్పి, వదులుగా చుట్టి, గిన్నెలో అయిదు నుంచి పది నిమిషాలు మరిగిస్తారు. వేడికి నూనె కరుగుతుంది, లోహం వ్యాకోచించి మురికి ఊడివస్తుంది. నీరు తేటగా ఉండకుండా బూడిద రంగుకు మారడం ఫలితానికి గుర్తు. తీసిన వెంటనే తుడిచి, ఎండలోనో సన్నని వేడిలోనో పూర్తిగా ఆరబెట్టాలి. కోర్ దాకా చేరిన నీరు అక్కడే నిలిస్తే లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. తిరిగి వచ్చిన బ్రైట్‌నెస్ కొత్త తీగ అంత కాలం నిలవదు.

స్పిరిట్‌లో నానబెట్టడం దీనికన్నా మేలైనదని ఎక్కువ మంది అభిప్రాయం. డీనేచర్డ్ స్పిరిట్ గాని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గాని నూనెను కరిగిస్తాయి, త్వరగా ఆవిరవుతాయి, తుప్పుకు తావివ్వవు. ఒక చివర మూసిన పొడవాటి పీవీసీ గొట్టంలో తీగలను నిలువుగా వేసి, స్పిరిట్ నింపి, రెండో చివరా బిగించి ఒక రాత్రి ఉంచుతారు. తీసి తుడిచాక నల్లని మడ్డి గుడ్డకు అంటుతుంది. స్పిరిట్ మండే ద్రవం కనుక దీన్ని పొయ్యికి దూరంగా, గాలి ఆడే చోట చేయాలి. వాద్యం మీద ఉన్న తీగలను స్పిరిట్ గుడ్డతో తుడిచేవారు ఫ్రెట్‌బోర్డును ఏదైనా అట్టతో కప్పాలి. స్పిరిట్ లక్క, లాకర్ పూతలను కరిగిస్తుంది, పూత లేని రోజ్‌వుడ్‌ను ఎండగడుతుంది.

చెవికి వినబడని అల్ట్రాసోనిక్ తరంగాలతో శుభ్రపరిచే యంత్రాలు కొందరు వాడతారు. తీగను విప్పకుండా పైకి లాగి ఫ్రెట్ల మీద పడేలా కొన్నిసార్లు వదలడం మరో నాటు పద్ధతి. ఆ అదురుకు సందుల్లోని రజను కొంత రాలుతుంది, లాభం కచేరీ ముగిసేదాకా ఉండవచ్చు. కోటెడ్ తీగలకు మాత్రం మెత్తని గుడ్డతో తుడవడమే తగినది.

ఏ పద్ధతికైనా ఒక హద్దు ఉంది. తీగను విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ కీ స్తంభం దగ్గర అదే చోట వంగి, నిటారై, మళ్లీ వంగుతుంది. కొన్నిసార్లకే ఆ చోట చుట్టు విరుగుతుంది. చివర్లకు చుట్టిన రంగు దారం నానుడుకు పీచులేస్తుంది. ఫ్రెట్ నొక్కులు పడిన తీగకు శుద్ధి వృథా.

వినికిడిలో ప్రాధాన్యం

చిన్న స్పీకర్లు 41 హెర్ట్జ్ ధ్వనిని దాదాపు పలికించలేవు. అయినా ఫోనులో విన్నప్పుడు బేస్ స్వరం తెలుస్తుంది, ఎందుకంటే అతిస్వరాల ఆధారంగా చెవి, మెదడు కలిసి, ధ్వనిలో లేని ప్రాథమిక స్వరాన్ని ఊహించుకుంటాయి (చూ. లుప్త ప్రాథమిక స్వరం). అతిస్వరాలు లేని డెడ్ తీగ ఫోనులో దాదాపు మాయమవుతుంది. ఇళయరాజా తెలుగు పాటల్లో లాగా బేస్ తానే ఒక వరసగా నడిచే సంగీతానికి ఈ విషయం ముఖ్యం. ఆంప్లిఫయర్‌లో ట్రెబుల్ పెంచి ఈ లోటును పూడ్చలేం. తీగలో పుట్టని పౌనఃపున్యాన్ని ఏ పరికరమూ పెంచలేదు, పెరిగేది బుస శబ్దమే.

ప్రతి సంగీతమూ బ్రైట్‌నెస్‌ను కోరదు. అమెరికాలోని మోటౌన్ సంస్థ రికార్డులలో వాయించిన జేమ్స్ జేమర్సన్ (1936–1983) తన 1962 ప్రిసిషన్ బేస్‌పై లావుపాటి లాబెల్లా ఫ్లాట్‌వౌండ్ తీగలు వాడేవాడు. తెగితే తప్ప వాటిని మార్చేవాడు కాదు. బ్రిడ్జి మూత కింది స్పాంజి మ్యూట్‌తో కలిసి ఆ పాత తీగల పొట్టి, మందపాటి స్వరమే అతని ముద్ర. ఆ కాలపు సోల్ సంగీతాన్ని అనుకరించేవారు పాత సెట్టులను పారేయకుండా దాచుకుంటారు. మరోవైపు 'ఐరన్ మెయిడెన్' బృందపు బేసిస్టు స్టీవ్ హారిస్ వాడేదీ ఫ్లాట్‌వౌండే. అయినా అతని స్వరం గలగలమంటుంది. అతని పేరుతో రోటోసౌండ్ అమ్మే సెట్టు కూడా ఫ్లాట్‌వౌండే, కానీ అతడు దాన్ని పాతబడనివ్వకుండా అతి తరచుగా మారుస్తాడు. కనుక చుట్టు రకాన్ని బట్టి మాత్రమే బ్రైట్‌నెస్‌ను అంచనా వేయడం సరికాదు. తీగ వయసునూ లెక్కలోకి తీసుకోవాలి.

మార్చే సమయం

అయిదో, ఏడో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ బలహీనంగా పలకడం, పన్నెండో ఫ్రెట్ వద్ద శ్రుతి తప్పడం, అడుగున నొక్కులు తగలడం, రంగు మారడం అనేవి సెట్టు మార్చవలసిన గుర్తులు. ఒక్క తీగనే మారిస్తే అది మిగతా మూడింటి నుంచి విడిగా వినిపిస్తుంది కాబట్టి నాలుగూ ఒకేసారి మారుస్తారు. రికార్డింగ్‌కు చాలామంది ఒకటి రెండు రోజుల ముందే కొత్త సెట్టు బిగిస్తారు. సాగుడు తగ్గి శ్రుతి నిలకడ పడుతుంది, మొదటి గంటల్లోని గీసుకునే శబ్దం కూడా అణుగుతుంది. విప్పిన సెట్టులో మంచి స్థితిలో ఉన్న ఇ, ఎ తీగలను శుద్ధి చేసి కచేరీ పెట్టెలో అత్యవసరానికి ఉంచుకోవడం వాద్యకారుల వాడుక.